బొడ్డు సంచిలో పిస్టల్

“మేడం, బెల్టు ఎంత వెడల్పు ఉంటది?” అని అడిగాడు హైదరాబాదులో తుపాకుల షాపాయన.

నేను నా నడుము వైపు చూసుకున్నాను. ఆయనా మర్యాదగా ఒక్క క్షణం చూసి తల తిప్పేసుకున్నాడు. అక్కడ బెల్టు లేదు. గంజి పెట్టిన నేత చీర ఉంది, దాని లోపల నలభై దాటిన నడుము ఉంది. “బెల్టు లేదండి. చీరలో పిస్టల్ ఎక్కడ దాచుకుంటారో అది చెప్పండి,” అన్నాను. ఆయన వెనక్కి తిరిగి బీరువాలో వేలాడుతున్న తోలు ఒరల వైపు చూశాడు. అన్నీ ప్యాంటు వేసుకునేవాళ్లవే. “మా తాత నుంచి ఇదే యాపారం మేడం. గీ సవాల్ ఇప్పటిదాక ఎవ్వలూ అడగలే,” అన్నాడు. ఆడవాళ్లు లైసెన్సు తీసుకుంటారట గానీ, కొన్నది తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేస్తారట. బీరువాలో పెట్టుకునేదానికి నేను పోలీస్ స్టేషన్ చుట్టూ అన్నిసార్లు ఎందుకు తిరిగినట్టు? నాకు ఒళ్లు మండింది.

అసలు సంగతి చెప్పాలి. వర్ధన్నపేట దాటాక ఖమ్మం రోడ్డు మీద మాకొక పెట్రోల్ బంకు ఉంది. మా నాన్న పెట్టింది. కాలేజీ రోజుల నుంచీ నేను ఆ కౌంటర్ వెనక కూర్చున్నదాన్నే. నాన్న పోయేముందు బంకును నా పేరు మీద రాశాడు, తన తమ్ముడి పేరు మీద కాదు. ఆ తమ్ముడే మా కాక. నాన్న సమాధి కార్యక్రమం అయిన దగ్గర్నుంచి కాకది ఒకటే పాట: “ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా ఈ గోస, నాకు లీజుకియ్యి.”

ఇల్లు కాజీపేటలో. మా ఆయన రైలింజను డ్రైవరు, వారంలో సగం రోజులు ఏ బల్లార్షాలోనో విజయవాడలోనో ఉంటాడు. రోజూ సాయంత్రం బంకు నుంచి పైసలు కారులో వేసుకుని, వరంగల్‌లో బ్యాంకు మిషన్‌లో జమచేసి, కాజీపేటకు నేనే పోవాలి. ఇప్పుడందరూ ఫోన్లోనే కొడుతున్నారు గదా అంటారు. కార్లవాళ్లు కొడతారు. మోటార్లకు డబ్బాల్లో డీజిల్ పట్టుకుపోయే రైతులు ఇప్పటికీ రుమాలు ముడి విప్పి నోట్లే ఇస్తారు.

ఒకరోజు సాయంత్రం ఆఫీసు గదికి తాళం వేసి కారు దగ్గరికి నడుస్తుంటే మోటార్ సైకిల్ మీద ఇద్దరు వచ్చి నా హ్యాండ్ బ్యాగు లాగారు. నేను వదల్లేదు. కిందపడ్డాను, కొంత దూరం ఈడ్చుకుపోయారు, చివరికి బ్యాగు పట్టీ తెగింది. వాళ్లకు దక్కింది నా చత్వారం అద్దాలు, సగం దొండకాయ కూర మిగిలిన టిఫిన్ డబ్బా. పైసలు ఎప్పుడూ బ్యాగులో పెట్టొద్దని నాన్న నేర్పాడు కాబట్టి అవి అప్పటికే కారు స్టెప్నీ కింద ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా దొండకాయ కూర గురించి అందరికీ చెప్పి నవ్వించాను.

మోచేతి పుండు మానింది గానీ భయం మానలేదు. వెనకాల మోటార్ సైకిల్ చప్పుడు వినబడితే చాలు, అది దాటిపోయేదాకా కారు పక్కకు ఆపేసేదాన్ని. కొన్నాళ్లు తొర్రూరు నుంచి వచ్చే బస్సు కోసం రోడ్డు పక్కన కాచుకుని, దాని వెనకే వరంగల్ దాకా పోయాను. బస్సు ఆగిన ప్రతి స్టాపులో నేనూ ఆగేదాన్ని. ఒకరోజు కండక్టరు దిగొచ్చి, “ఏందక్కా, టికెట్ తీస్కుంటవా?” అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ సంగతి కాక చెవిన పడింది. బంకుకు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, మా పనివాళ్లందరి ముందరే అన్నాడు. “నువ్వు బుగులు పడుతానవ్ బిడ్డా. దాచిపెట్టకు.”

“నాకేం బుగులు లేదు కాకా.”

“గట్లయితె మాటియ్యి. ఒక్కనాడన్న భయపడి పైసలు బంకుల్నే ఇడిశిపెట్టి ఇంటికి పోయినవనుకో, బంకు నాకు లీజుకియ్యాలె.”

“పో, మాట ఇచ్చిన!” అన్నాను. నా కోపం సంగతి నాకు తెలుసు, అది ముందు మాట్లాడుతుంది, నేను తర్వాత ఆలోచిస్తాను. కాక వెళ్లిపోయాక ఆలోచించాను. ఒక్క సాయంత్రం గుండె జారిందంటే నాన్న బంకు పోతుంది. పిస్టల్ కోసం దరఖాస్తు పెట్టింది ఆ మర్నాడే.

లైసెన్సుకు విచారణ ఉంటుంది. ఈమె ఎలాంటి మనిషి, కోపదారి మనిషా అని పోలీసులు ఇరుగుపొరుగును అడుగుతారు. ఆ ముక్క తెలిసిన దగ్గర్నుంచి నేను వీధిలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. మా గేటుకు అడ్డంగా స్కూటీ పెట్టే పక్కింటామెకు మామిడికాయ తొక్కు డబ్బా నిండా పెట్టి పంపాను. ఆమె ఆ తొక్కుతోనే అన్నం తిని, విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌తో ఏమందో తెలుసా? “మంచిదే సార్. కని ఆమెకు తుపాకెందుకు, నోరున్నది గద!” నేను గోడ ఇవతల నిలబడి అంతా విన్నాను. పళ్లు నూరుకుంటూ నవ్వుతూ కానిస్టేబుల్‌కు చాయ్ ఇచ్చాను. ఏ పుణ్యాత్ముడు సంతకం పెట్టాడో గానీ, నెలల తర్వాత లైసెన్సు వచ్చింది.

అట్లా ఆ షాపుకు చేరాం. మా ఆయన కూడా సెలవు పెట్టి వచ్చాడు. షాపాయన నల్లగుడ్డ పరిచి నాలుగైదు పిస్టళ్లు వరసగా పెట్టాడు. పెద్దది పట్టుకోవడానికి నిండుగా ఉంటుంది, గురి కుదురుతుంది, కానీ చీరలో కాదు గదా, బురఖాలో కూడా దాగదు. చిన్నది అరచేతిలో ఇమిడిపోతుంది. దాచుకోవడానికి అదే మేలు. అయితే పిడి మీద చిటికెన వేలికి చోటు లేదు, పేలితే చేతిలో ఎగురుతుందట, పై భాగాన్ని వెనక్కి లాగడానికి స్ప్రింగు కూడా మహా బిగువు. నేను లాగాను. రాలేదు. మా ఆయన “ఇటియ్యి” అన్నాడు. ఇవ్వలేదు. పళ్ల బిగువున మళ్లీ లాగితే కటక్కుమని వచ్చింది. షాపాయన “షాబాష్” అన్నాడు.

మా ఆయనకు మాత్రం ఒకటే ఫికర్. “దీనికి బ్రేకులెన్ని?” అన్నాడు.

“బ్రేకులు ఉండవు సార్. సేఫ్టీ ఉంటది.”

“ఒక్కటేనా? మా ఇంజన్ల ఒకటి ఫెయిలయితె ఇంకోటి ఉంటది.”

“ఇది రైలు కాదు సార్.”

“అదే చెప్తాన్న. రైలే నయం, పట్టా దిగి ఎటూ పోదు,” అని మా ఆయన చేతులు కట్టుకున్నాడు. షాపాయన ఓపికున్న మనిషి. ఇద్దరికీ చాయ్ తెప్పించి, చివరికి ఒక మంచి మాట చెప్పాడు. “తొందరపడి కొనకండి. గింత సైజు, గింత బరువున్న వస్తువేదన్న కొన్ని దినాలు ఒంటి మీద మోసి సూడండి. కూసుంటె గుచ్చుకుంటదా, వంగితె పడిపోతదా, బయటికి కనబడతదా. ఒంటికి అలవాటైనంక వచ్చి తీస్కపోండి.” నాకు ఆ మాట నచ్చింది. చిన్నదాన్ని చేతిలో ఆడించి ఆడించి బరువు గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చాను.

అంత బరువుది ఏముంటుంది? వంటింట్లో రోకలి బండ నుంచి అల్లం ముద్ద దాకా అన్నీ చేతిలో పెట్టి చూశాను. చివరికి కుదిరింది బట్టల సబ్బు. నీలం రంగు కడ్డీ సబ్బులు రెండు జోడించి, రబ్బరు బ్యాండ్లు వేసి, కత్తిపీటతో పిడి ఆకారం చెక్కాను. మా ఆయన చూసి “జరంత ఇటు చెక్కు” అని సలహాలిచ్చాడు. చెక్కగా రాలిన ముక్కలను మా అత్త డబ్బాలోకి ఎత్తుకుంది.

ఇక దాచే చోటు. హ్యాండ్ బ్యాగులో వద్దు, దొంగలు ముందు లాగేదే బ్యాగు. నడుము వెనకాల దోపితే కారు సీటులో కూర్చోగానే వెన్నులో పొడుచుకుంది. ఎడమ పక్కన పెడితే సీటు బెల్టు దాని మీదికే వచ్చింది. నా అవస్థ చూసి మా అత్త పగలబడి నవ్వింది. ఆమె నడుముకు ఎప్పుడూ బొడ్డు సంచి ఉంటుంది. బెత్తెడు గుడ్డ సంచికి తాడు కట్టి, చీర కుచ్చిళ్ల లోపలికి దోపుకుంటుంది. వక్కలు, చిల్లర, బీపీ గోలీలు, ఇంటి తాళాలు, కోపమొచ్చిన రోజు టీవీ రిమోటు, అన్నీ అందులోనే. “ఏందే పిల్లా, ఇంత సదువు సదివి నడుముకు సంచి కట్టుకోవుడు రాదా?” అంటూ మా ఆయన పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి నాకూ ఒకటి కుట్టిపెట్టింది.

సంచి బ్రహ్మాండంగా కుదిరింది. కూర్చున్నా లేచినా కదల్లేదు. ఒక్కటే చిక్కు, ముందు వైపు కుచ్చిళ్ల కింద కాస్త ఎత్తుగా కనిపించేది. కారులో ఎవరు చూడొచ్చారు అనుకుని రోజూ కట్టుకుని తిరిగాను. ఆదివారం చర్చికి కూడా కట్టుకునే పోయాను, అలవాటు కావాలి గదా.

రెండో ఆదివారానికే ఆడవాళ్లు నన్ను చూసి మోచేతులతో పొడుచుకోవడం మొదలైంది. నాకు కుర్చీ ఖాళీ చేసి ఇచ్చారు. ఫ్యాను నా వైపు తిప్పారు. మూడో ఆదివారం మా పాస్టరు అయ్యగారి భార్య, మేం అమ్మగారు అంటాం, నా రెండు చేతులూ పట్టుకుని, కళ్లలో నీళ్లు పెట్టుకుని, “దేవుడియ్యాలనుకుంటె ఏ వయసైతే ఏందమ్మా. బరువులు మోయకు,” అంది. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల కొట్టేసినట్టయింది. మా పెద్దది డిగ్రీ చదువుతోంది!

అయినా నోరు మూసుకున్నాను. దాచుకునే వస్తువు గురించి ఎవరికీ చెప్పకూడదని షాపాయన మరీ మరీ చెప్పాడు. కడుపనుకుంటే అనుకోనీ, ఎన్నాళ్లనుకుంటారు. నేను ఓర్చుకున్నాను. మా అత్త ఓర్చుకోలేకపోయింది.

మా చర్చిలో ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం ఉంటుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి చెబితే అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. మోకాళ్ల నొప్పులు, పరీక్షలు, ఇంకా పడని బోరు. ఆ రోజు మా అత్త లేచి నిలబడింది. నేను ఆమె కొంగు పట్టి లాగాను. కొంగు విదిలించుకుంది.

“మా కోడలి మీద ఏందేందో అనుకుంటాన్రు. అది కడుపు కాదు. ఆమె తుపాకి కొంటాంది. ఏది కొనాల్నో సమజ్ కాక తిప్పల పడుతాంది. పిల్లకు మంచి చిన్న తుపాకి, చీరల పట్టేది దొరకాలని సంఘం ప్రార్థన చెయ్యాలె.”

వెనక వరసలో ఎవరో దగ్గారు. అయ్యగారు చాలా అనుభవం ఉన్న మనిషి, అయినా కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మా సోదరికి తగిన ఆయుధం దొరకాలనీ, అది ఎన్నడూ పేలకూడదనీ, పేలినా ఎవరికీ తగలకూడదనీ, తగిలినా ప్రాణహాని ఉండకూడదనీ. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. బయటికి రాగానే ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. ఏ రంగులో వస్తాయక్కా, కడగొచ్చా, వారంటీ ఉంటదా. అమ్మగారు మాత్రం కొంచెం నిరాశగా నా కుచ్చిళ్ల వైపే చూస్తూ నిలబడింది.

సాయంత్రానికల్లా వార్త వర్ధన్నపేట చేరింది. చేరేసరికి “కొంటాంది” పోయి “కొన్నది” అయింది. మా బంకులో డీజిల్ పోసుకునేవాళ్లు నాతో మర్యాదగా మాట్లాడసాగారు. ఎవరూ క్యూ తప్పడం లేదు. నేనూ కాదనలేదు.

సరిగ్గా అప్పుడే కాక వచ్చాడు. “గన్ను తెచ్చినవట. మంచిగనే ఉన్నది. కని దొంగలు ఇంతకుముందు పైసలకే వచ్చేటోళ్లు, ఇప్పుడు గన్ను కోసం గూడ వస్తరు. ఎరికేనా?” అన్నాడు. ఆ మాట నిజం. వానాకాలం, బయట మబ్బు కమ్మి మధ్యాహ్నమే దీపాలు వేసుకున్నాం. “ఇయ్యాల నేను నీతోని వస్త. ఎట్ల పోతవో సూస్త,” అన్నాడు కాక. ఆ రోజు నిజంగానే పైసలు బంకులో వదిలేసి పోదామని అప్పటికే మనసులో అనుకుంటున్నాను. కాక ముందు ఆ మాట ఎట్లా అనను? స్టెప్నీ కింద పైసలు పెట్టి కారు తీశాను.

మామునూరు ఇంకా దూరముందనగా వాన దంచికొట్టింది. అద్దం మీద నీళ్లు తుడిచే పుల్లలు తుడవలేక తుడుస్తున్నాయి. ముందు లైటు వెలుగులో రోడ్డుకు అడ్డంగా మోటార్ సైకిల్, దాని పక్కన ఇద్దరు, మూతులకు రుమాళ్లు. చేతులు ఊపుతున్నారు. బ్రేకు తొక్కాను.

“గన్ను తియ్యే బిడ్డా! గన్ను తియ్యే!” అని కాక అరిచాడు. అరుస్తూనే సీటులోంచి కిందికి జారి, డ్యాష్‌బోర్డు కింద ముడుచుకున్నాడు. అంతటి మనిషి అంత చిన్న జాగాలో ఎట్లా పట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నాకేమైందో చెప్పలేను. నెలల తరబడి వణికి వణికి విసుగెత్తిపోయిందేమో. తలుపు తెరుచుకుని వానలోకి దిగాను. “ఎవడ్రా మీరు! రోడ్డు మీ అయ్య జాగీరా? మీకు అక్కచెల్లెండ్లు లేరా? మళ్ల వచ్చిన్రా, దొండకాయ కూర సాలలేదారా?” ఏమేం తిట్టానో అన్నీ గుర్తులేవు. ఉన్నవి కూడా రాయడానికి బాగుండవు.

వాళ్లలో ఒకడు రుమాలు కిందికి లాగి గుడ్లు వెళ్లబెట్టాడు. “వామ్మో, తుపాకి మేడం!” ఇద్దరూ చేతులు పైకెత్తేశారు. మోటార్ సైకిల్ దభీమని రోడ్డు మీద పడింది. “పెట్రోల్ అయిపోయింది మేడం! బంకు ఎంత దూరమో అడుగుదామని ఆపినం! కాల్చకున్రి మేడం!”

పాపం, చూస్తే మా చిన్నోడి ఈడు వాళ్లే, తొర్రూరు దగ్గరి పిల్లలు. వానకు మూతులకు కట్టుకున్నారు. తిట్టిన నోటితోనే బంకుకు ఫోన్ చేసి డబ్బాలో పెట్రోల్ పంపమన్నాను. పడ్డ బండిని వాళ్లతో కలిసి లేపి పక్కకు నెట్టాను. అంతలో ఒకడు నా నడుము వైపు వేలు చూపించాడు. “మేడం... నురుగు వస్తాంది.”

వంగి చూసుకుంటే కుచ్చిళ్ల లోంచి తెల్లటి నురుగు పొంగి, చీర మీదుగా పాదాల దాకా కారుతోంది. నేను వచ్చి కారులో కూర్చున్నాను. కాక అప్పటికి పైకి లేచి సీటులో సర్దుకున్నాడు. నురుగు చూశాడు. వాసన చూశాడు. చెయ్యి చాచాడు. సంచి విప్పి, అరిగిపోయి జారిపోతున్న నీలం పిస్టల్ ఆయన చేతిలో పెట్టాను.

“ఇది సబ్బు గదనే.”

“ఔ కాకా.”

“మరి గన్నేది?”

“ఇంకా కొనలే. సూస్తాన్న.”

“ఇన్ని దినాల సంది గీ సబ్బుతోనేనా పోతానవ్?”

“ఔ.”

కాక ఆ సబ్బును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మామునూరు దాటాం. అప్పుడు, నా వైపు చూడకుండా, అన్నాడు. “మీ నాయిన ముందుగాల బంకు నాకే రాస్తనన్నడు. నీకు ఎరికలేదు. పొద్దుమూకినంక పైసలు తీస్కపోవుడు నాతోని కాదు, నాకు బుగులు అని చెప్పిన. గప్పుడు నీకు రాసిండు.” సబ్బును ఇంకో చేతిలోకి మార్చుకుని మళ్లీ అన్నాడు. “నువ్వు గూడ ఒక్కనాడు బుగులు పడితె సూద్దామనుకున్న బిడ్డా. నా పానం జర నిమ్మలమయితుండె.”

నాకు ఏడుపొచ్చింది. కోపం రావాల్సిన చోట ఏడుపు రావడం నాకు అలవాటు లేదు. “రోజూ బుగులు పడుతనే పోయిన కాకా,” అన్నాను. “ఇయ్యాల నువ్వు లేకపోతె పైసలు బంకుల్నే ఇడిశిపెట్టి పోతుంటి.” ఆయన తలూపాడు. ఆ తర్వాత లీజు మాట ఆయన నోట రాలేదు. అప్పుడప్పుడు సాయంత్రం బంకుకు వచ్చి, “పోదామా?” అని ముందు సీటులో కూర్చుంటాడు. ఇద్దరం భయపడుతూనే పోతాం, దారి పొడుగునా మా నాన్న గురించి మాట్లాడుకుంటాం.

మిగిలిన సబ్బుతో మర్నాడు మా అత్త దుప్పట్లు ఉతికింది. తర్వాత ఒకరోజు నేనొక్కదాన్నే హైదరాబాదు పోయి వచ్చాను. చిన్నది కొన్నానా, ఇంకొంచెం పెద్దది కొన్నానా, అసలేమీ కొనకుండా ఇంకో జత సబ్బులే తెచ్చుకున్నానా అని మా ఆయన అడిగాడు, కాక అడిగాడు, చర్చిలో అమ్మగారైతే రెండుసార్లు అడిగింది. చెప్పేదాకా తిననని మా అత్త అన్నం మానేసింది కూడా. ఎవరికీ చెప్పలేదు. మీకూ చెప్పను.